కుప్ప కాదు, చెట్టు

ఒక అనువాద కథ చివరి వాక్యం పోయింది. ఎవరూ కావాలని కొట్టేయలేదు. నలుగురం మెయిళ్లలో దాని మీద పనిచేస్తున్నాం. ఒకరు "పేరు మారుద్దామా?" అని అడిగారు. కాసేపటికి ఇంకొకరు "చివరి వాక్యం తీసేద్దామా?" అన్నారు. మూలభాష బాగా తెలిసినావిడ నుంచి జవాబొచ్చింది: "సరే, అలాగే కానివ్వండి." ఆవిడ ఒప్పుకున్నది పేరు మార్పుకి. మా యాప్‌లో ఆ జవాబు చివరి వాక్యం మెయిల్ కింద వచ్చి కూర్చుంది. వాక్యం ఎగిరిపోయింది, కథ అలాగే వచ్చేసింది.

మూడు చుక్కలు నొక్కి కింది పాత మెయిల్ చూసుకోవాల్సింది అంటారు. చూసుకోవాల్సిందే. కానీ ఆ చుక్కల వెనక దాన్ని దాచిందెవరు? ప్రతి జవాబూ తాను ఏ ఉత్తరానికి జవాబో 'ఇన్-రిప్లై-టు' అనే వరుసలో మోసుకొస్తుంది. అంతకుముందు ఉత్తరాల వంశవృక్షం 'రిఫరెన్సెస్'లో ఉంటుంది. 1982 నాటి ఈమెయిల్ ప్రమాణంలోనే ఈ రెంటికీ చోటుంది. అంటే మెయిల్ సంభాషణ మొదట్నుంచీ చెట్టే. దాని కొమ్మలు నరికి, టైము ప్రకారం కట్టెలమోపులా పేర్చి, "సులువు చేశాం" అంటున్నారు. సులువు ఎవరికి?

మట్ అని ఒక ప్రోగ్రాముంది. 1995లో మైకేల్ ఎల్కిన్స్ మొదలుపెట్టింది. టెర్మినల్లో నడుస్తుంది, బొమ్మలుండవు, పనంతా కీబోర్డుతోనే. థ్రెడ్ల వారీగా పేర్చమంటే ఎవరి జవాబు ఎవరి కింద ఉందో గీతలూ బాణాలతో చూపిస్తుంది. మా మెయిళ్లు అందులో తెరిస్తే, ఆ "సరే" పేరు మార్పు కొమ్మకి వేలాడుతూ కనబడింది. చూసీ చూడగానే తెలిసిపోయింది.

చూపించి ఊరుకోదు కూడా. ఎవరో బద్ధకించి పాత మెయిల్‌కి రిప్లై కొట్టి కొత్త సంగతి ఎత్తుకున్నారనుకోండి. ఆ మెయిల్ మీద # నొక్కితే విడిపోతుంది. తెగిపోయిన జవాబుకి 'టి'తో గుర్తు పెట్టి, అసలు ఉత్తరం మీదికెళ్లి & నొక్కితే అతుక్కుంటుంది. మారేది మన పెట్టెలోని కాపీయే, ఎదుటివాళ్లది కాదు. ఏది దేనికి జవాబో తేల్చే హక్కు చదివేవాడి చేతిలో ఉంటుంది.

"ఆ నల్ల తెర ఎవడు నేర్చుకుంటాడు?" నిజమే, దాన్ని సెట్ చేసుకోవడానికే ఒక ఆదివారం పోతుంది. అందరూ మట్ వాడాలన్నది కాదు నా గొడవ. ఒక్క బొమ్మ కూడా లేని ప్రోగ్రాము చూపించగలిగే చెట్టుని ఇన్ని రంగుల యాప్‌లు ఎందుకు దాచాలి? సాహిత్యం మీద రోజూ వాదించుకునే మనమైనా ఎందుకు అడగం? దేనికన్నారో తెలియకపోతే "సరే" అన్న మాటకి అర్థమేముంది?

కథ సరిచేసి మళ్లీ పెట్టాం. మొదటి రోజు చదివినవాళ్లు మాత్రం ముగింపు లేని కథే చదివారు.