ఎడారిలో పచ్చిక ఎవరి మెప్పు కోసం?

ఫీనిక్సు నగరంలో ఇంటి ముందు పచ్చిక పెంచడం తోటపని కాదు, దుబారా అని నా వాదన. ఏడాదికి సగటున ఎనిమిది అంగుళాల వానైనా కురవని ఊరిది. 2023లో వరుసగా 31 రోజులు ఎండ 43 డిగ్రీలు దాటింది. ఇక్కడి గడ్డి తాగేది దూరాన పారే నదుల నీరు. వాటిలో ఒకటైన కొలరాడోకు నీటికొరత ఏర్పడిందని 2021లో అమెరికా ప్రభుత్వమే తొలిసారిగా ప్రకటించింది.

"గడ్డి వద్దంటే కంకరేగా గతి?" అంటారు. కంకర పగలంతా కాగి రాత్రి సెగలు కక్కుతుంది. నేను గడ్డి పీకించి నాచుగులాబి వేశాను. మనం పప్పులో వేసుకునే గంగవాయిలి కూరకు ఇది దగ్గరి చుట్టం. దళసరి ఆకుల్లో నీరు దాచుకుంటుంది. నీరు కరవైనప్పుడు పత్రరంధ్రాలను రాత్రివేళ తెరచి, బొగ్గుపులుసు వాయువును పీల్చి, పగటి అవసరానికి నిలవచేసుకుంటుంది.

అలాగని నీరే అక్కరలేదనడమూ అబద్ధమే. గింజలను ఇసుకనేలపై చల్లి, పూడ్చకుండా వదలాలి. మొలవడానికి వెలుతురు కావాలి. వేళ్ళూనేవరకూ తడి అవసరం. తరవాత నేల ఆరితేనే నీరు పెట్టాలి. రోజూ పోస్తే కుళ్ళుతుంది. గడ్డకట్టే చలికి చచ్చినా, రాలిన గింజలు మళ్ళీ మొలుస్తాయి.

సాయంత్రానికి ఈ పూలు ముడుచుకుంటాయని ఈసడించేవారున్నారు. ముడుచుకోనివ్వండి. నా వాకిలి కళకళలాడటానికి ఎక్కడో ఒక నది ఎండిపోవడం నాకు సమ్మతం కాదు. మీరేమంటారు?