ఒక్క ట్యాబ్ నేర్పిన పాఠం

మన వార్షికోత్సవ సంచికలో చాలామంది కవితలు, జ్ఞాపకాలు రాస్తారు. నేను మాత్రం కంప్యూటర్ కోర్సులు చదివే తమ్ముళ్లకు పనికొచ్చే ఒక విషయం రాయదలచుకున్నాను. అదే బిల్డ్ టూల్.

ప్రోగ్రామ్ రాయడం ఒక ఎత్తు, దాన్ని నడిచేలా తయారుచేయడం మరో ఎత్తు. ఏ ఫైలు ముందు కంపైల్ చేయాలి, దేనికి ఏ లైబ్రరీ కావాలి అని చూసుకునేదే బిల్డ్ టూల్. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 'మేక్' అనే టూల్ తయారుచేశారు. మనం మార్చిన ఫైలును, దానిపై ఆధారపడిన వాటిని మాత్రమే అది మళ్ళీ కంపైల్ చేస్తుంది. మన చిత్తూరు వైపు ఊరుబిండిలో ఉప్పు చాలకపోతే ఉప్పు వేసుకుంటాం గాని, సంగటి మళ్ళీ కెలకం గదా!

కష్టాలూ ఉన్నాయి. మేక్‌ఫైల్‌లో ఆదేశానికి ముందు ట్యాబ్ ఉండాలి. స్పేసులు పెడితే ఒప్పుకోదు. తిరుపతిలో ఎం.సి.ఏ. మొదటి ఏడాది ల్యాబ్ పరీక్షలో నాకు 'మిస్సింగ్ సెపరేటర్' అని వచ్చింది. అరగంట సేపు ప్రోగ్రామంతా వెతికాను. తప్పు కంటికి కనిపించని ఆ ట్యాబ్ దగ్గరుంది. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదటివాణ్ణి. అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఈ చదువు నాకు రాదేమోనని ఆ రాత్రి అన్నం తినలేదు.

తర్వాత తెలిసింది, ఆ నియమం బాగాలేదని ఫెల్డ్‌మన్‌కే అనిపించిందట. అప్పటికే డజను మంది వాడుతున్నారని మార్చలేదట. అదే మేక్‌కు 2003లో ఏ.సి.ఎం. సాఫ్ట్‌వేర్ సిస్టమ్ అవార్డు వచ్చింది!

జావాకు వాడే 'మావెన్' లైబ్రరీలను నెట్ నుంచి తానే తెచ్చుకుంటుంది. వెతుకులాట తప్పుతుంది. కానీ మొదటి బిల్డ్‌కే నా ఫోన్‌లో ఆ రోజు డేటా అంతా అయిపోయింది. అయితే ఒకసారి తెచ్చుకున్నవి కంప్యూటర్‌లోనే ఉంటాయి. తర్వాత నెట్ లేకుండానే బిల్డ్ చేయవచ్చు.

అందుకే నా అభిప్రాయం: ఈ టూళ్లను తిట్టుకుని వదిలేయకూడదు. మన కంప్యూటర్‌లో నడిచి, ఇంటర్వ్యూ చేసేవారి కంప్యూటర్‌లో నడవని ప్రాజెక్టు ఎందుకు? కాలేజీల్లో దీన్ని మొదటి సెమిస్టర్‌లోనే నేర్పాలి. సీనియర్లు తాము తెచ్చుకున్న లైబ్రరీలను పెన్‌డ్రైవ్‌లో జూనియర్లకు ఇవ్వాలి. ఒకరు ఖర్చుపెట్టిన డేటా పదిమందికి పనికొస్తుంది.

తమ్ముళ్లూ, ఎర్రర్ వచ్చినంత మాత్రాన మనకు తెలివి లేదని కాదు. అన్నం మానకండి. ముందు ట్యాబ్ చూడండి. అప్పటికీ తెగకపోతే ఆదివారం నా గదికి రండి, కలిసి చూద్దాం.