నలువదియవ యేట త్రికోణమితి



ఈ నెల వంటల సంగతి విడిచి నా చదువు సంగతి చెప్పెదను. పెండ్లినాడు నిలిచిపోయిన కాలేజీ చదువును నిరుడు మరల మొదలుపెట్టితిని. తక్కిన పాఠములు సాగినవి గాని, త్రికోణమితి మాత్రము కంటికి నిదుర లేకుండ చేసినది. సూత్రములన్నియు స్తోత్రమువలె వల్లించితిని. మొదటి పరీక్షలో నూటికి 12 మార్కులు వచ్చినవి. ఆ కాగితమును బియ్యపు డబ్బాలో దాచితినన్నచో నవ్వెదరు కాబోలు!

చదువు మానివేసెదననగా మా అత్తగారు, "అమ్మాయీ, నీ కోపము లెక్కల మీదనా, ఆ మార్కుల మీదనా?" యని యడిగిరి. మార్కుల మీదనే! లెక్కను నేనింకను చూడనే లేదు.

మఱునాటి యుదయమున పెరటిలో, నేలపై గజమెత్తు నిలుచునట్లు ఒక కఱ్ఱను నాటి, దాని నీడయు గజమగువఱకు కాచియుంటిని. అప్పుడు సూర్యుడు 45 డిగ్రీల యెత్తున నుండును. వెంటనే కొబ్బరిచెట్టు నీడను కొలిచితిని: 11 గజములు. చెట్టెత్తును అంతియే! ఎత్తును నీడతో భాగింపగా వచ్చు సంఖ్యయే పుస్తకములోని 'టాన్'. సూర్యుడు 30 డిగ్రీలనున్నచో గజము కఱ్ఱకు నీడ 1.73 గజములు. ఇంతకు ముందు దీనినే అర్థము తెలియక వల్లించితిని.

'సైన్' అను మాటయు పరాయిది కాదు. 499 నాటి ఆర్యభటుని గ్రంథమున అర్ధజ్యల పట్టిక యున్నది. జ్య యనగా వింటినారి. అది అరబ్బీలో 'జీబ'యై, లాటినులోనికి పోవునపుడు పొరపాటున 'సైనస్' అయినది.

వచ్చు నెలలో మరల పరీక్ష. అందాక వంట మావారిది. చారులో ఉప్పు సంగతి వేఱుగా వ్రాసెదను.