ఆడేటోళ్లం... చూసేటోళ్లమైనం!

పెండ్లి బరాత్ వస్తున్నది. ముందట డీజే బండి. బండి మీద మనిషెత్తు సౌండు డబ్బాలు. వాటి ముందర పదిహేను ఇరవై మంది పడుచు పిల్లలు ఎగురుతున్నరు. సగం మంది చేతుల్ల సెల్‌ఫోన్లు. అరుగుల మీద కూసున్న ముసలోళ్లు చెవులు మూసుకున్నరు. పక్కన నిలబడ్డ ఒక అవ్వను అడిగినం, "ఏమవ్వా, నువ్వు ఆడవా?" అని. అవ్వ నవ్వింది. "డప్పు గొట్టేటోడు నా కాలు జూసి గొడుతుండె బిడ్డా. ఇది ఎవ్వల కాలు జూస్తది?" అన్నది.

మేము రాయాలనుకున్నదంతా అవ్వ ఒక్క మాటల చెప్పింది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్... ఈ మూడు దిక్కుల ఏ ఊరికి పోయినా ఇదే ముచ్చట. ఆట లేదని అనలేం. నిజం చెప్పాలంటే ఇప్పుడున్నంత ఆట ఎన్నడూ లేదేమో! పెండ్లికి ఆట, పుట్టినరోజుకు ఆట, వినాయకుని నిమజ్జనానికి ఆట. 2021ల 'బుల్లెట్టు బండి' పాటకు ఒక పెండ్లిపిల్ల బరాత్‌ల ఆడితే జనమంతా చూసి మురిసిన్రు. పెండ్లిపిల్ల తల వంచుకొని కూసునే కాలం పోయినందుకు మాకు సంతోషమే. మా బాధ ఆట పోయిందని కాదు. అందరు కలిసి గుండ్రంగ తిరిగే ఆట పోయిందని. ఆడేటోళ్లు వేరు, చూసేటోళ్లు వేరు అయిపోయిన్రని.

ఒకప్పుడు ఏడాది పొడుగునా ఏ కాలం ఆట ఆ కాలానికి ఉండె. కాముని పున్నమ వస్తే పోరగాండ్లు కోలలు పట్టుకొని ఇంటింటికి జాజిరి ఆడుకుంట పోదురు. బతుకమ్మ కంటె ముందుగాల పెండ్లిగాని ఆడపిల్లలు మట్టితోని బొడ్డెమ్మను చేసి, దాని సుట్టు చప్పట్లు కొట్టుకుంట తిరుగుదురు. తండాలల్ల తీజ్ వస్తే బుట్టలల్ల గోధుమ మొలకలు పెంచి ఆడపిల్లలు తొమ్మిది దినాలు ఆడుదురు. పీర్ల పండుగకు అలావ తవ్వి, రాత్రి మంట పెట్టి, డప్పు దరువు మీద దాని సుట్టు తిరుగుదురు. ఆ మంట వెలుగుల ఎవరు సాయబో, ఎవరు కాపో, ఎవరు గొల్లో పోల్చుకునుడు కష్టం. పేరుకు పీర్ల పండుగ, ఆడేది ఊరంతా!

కోలాటమంటే ఉత్తగ కట్టెలు కొట్టుకునుడు కాదు. లోపలి సుట్టు ఒకటి, బయటి సుట్టు ఒకటి. ఒక్కో ఆట తీరును 'కోపు' అంటరు. గురువు కేక వేస్తే కోపు మారుతది. జడ కోపు అయితే పైనుంచి వేలాడే తాళ్లను తలా ఒకటి పట్టుకొని, ఒకరి కిందినుంచి ఒకరు దూరుకుంట ఆ తాళ్లను జడ అల్లుతరు. మల్ల ఎదురు తిరిగి అదే జడను విప్పుతరు. ఒక్కడు అడుగు తప్పితే చాలు, అందరి తాళ్లు చిక్కు పడ్తయి. అందుకే ఈ ఆటల మొనగాడు ఎవడంటే ఎక్కువ ఎగిరేటోడు కాదు, పక్కోన్ని చూసుకొని ఆడేటోడు. చెక్క భజన సుత అంతే. పగలు గట్టు పంచాయితీల కొట్లాడుకున్నోళ్లు రాత్రి ఒకే వరుసల నిలబడి అడుగు కలపాలె. ఊరు కలిసి బతుకుడు నేర్చుకున్న బడి అది.

అట్లని పాత కాలమంతా బంగారమని మేము అనం. డప్పు దరువు కావాలె, గని ఆ డప్పు కొట్టే మాదిగ అన్న మాత్రం ఆటలకు రావద్దు! ఊరి బతుకమ్మ ఒక తావున, దళితవాడ బతుకమ్మ ఇంకో తావున. తెలంగాణల గడీల ముందర దొర కండ్ల కోసం ఆడక తప్పని ఆటలు సుత ఉండె. ఆ ఆటలను తలచుకొని కండ్లనీళ్లు పెట్టుకునేటోళ్లం కాదు మేము. మనం మల్ల కోరవలసింది ఆ కాలాన్ని కాదు. ఆటల ఉన్న ఆ గుండ్రాన్ని.

మరి ఆ గుండ్రం ఎక్కడ ఇరిగింది? డీజే మీద నింద వేసి చేతులు దులుపుకుంటే సరిపోదు. డీజే వచ్చేనాటికే ఊరి ఆట సగం చచ్చి ఉండె.

మొదటి దెబ్బ వలస. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుకే. డ్యాములు కట్టింది మనోళ్లు, కాలువలు తవ్వింది మనోళ్లు, రోడ్లు పోసింది మనోళ్లు. గుంపు మేస్త్రీ కాడ అడ్వాన్సు తీసుకొని బొంబాయికో పూనాకో బండెక్కితే ఊర్ల మిగిలేది ముసలోళ్లు, పసిపిల్లలు. కోలాటానికి జత కావాలె. జతగాడు బొంబాయిల సిమెంటు మోస్తుంటే ఇక్కడ ఎవని కోల ఎవనికి తగలాలె?

రెండో దెబ్బ మునక. శ్రీశైలం డ్యాం నీళ్లల్ల కొల్లాపూర్, అలంపూర్ దిక్కు ఊర్లకు ఊర్లు మునిగినయి. సోమశిల, జటప్రోలు గుళ్లను రాయి రాయి విప్పి, మిట్టకు తెచ్చి మల్ల కట్టిన్రు. మంచిదే. గుడిని విప్పి కట్టొచ్చు. ఒక్క తీరుగ అడుగులు వేసిన జనం నాలుగు దిక్కుల చెదిరిపోతే, ఆ ఆట జాగను విప్పి కట్టేదెట్ల?

నడిగడ్డల మూడో దెబ్బ సీడు పత్తి. గద్వాల చుట్టుముట్టు ఊర్లల్ల హైబ్రిడ్ పత్తి విత్తనం పండిస్తరు. అందుల క్రాసింగు పని మెషినుతోని కాదు, వేళ్లతోని కావాలె. పొద్దుమీకి మొగ్గను ఒలిచి పెట్టాలె, తెల్లారి పుప్పొడి అద్దాలె. చిన్న వేళ్లు కావాలని బడి ఈడు ఆడపిల్లలను ఆ చేన్లల్ల దించిన్రు. ఈ పని మోపుగ ఉండేది సరిగ్గ బొడ్డెమ్మ, బతుకమ్మ దినాలల్లనే. సాయంత్రం పూట ఆటల ఉండవలసిన చేతులు మొగ్గలు ఒలుసుకుంట కూసుంటే వాడకట్టుల పాట ఎవరెత్తాలె? ఆట పోయిన కతల ఈ పిల్లల లెక్క సుత రాయాలె.

ఇట్ల తెగిన సుట్టును మల్ల కలిపింది ఎవరంటే, ఉద్యమం. 2002ల కామారెడ్డిల ధూంధాం మొదలైంది. ఆనాటి నుంచి ఊరూర గజ్జె మోగింది. వేదిక మీద ఒకరు పాట ఎత్తుకుంటే కింద జనం చప్పట్లు కొట్టి ఊకోలే, లేసి ఆడిన్రు. నాగర్‌కర్నూల్ దిక్కు గౌరారంల పుట్టిన గోరటి వెంకన్న పాడితే కాలు ఆగుతదా? పాట వేరు, ఆట వేరు కాదని ఆయన పాడే తీరే చెప్తది. 2011 సకల జనుల సమ్మె సెప్టెంబరు 13న మొదలై 42 దినాలు నడిచె. ఆ ఏడు బతుకమ్మ పండుగ సరిగ్గ సమ్మె నడుమనే వచ్చె. ఆఫీసులకు తాళాలు పడ్డయి, రోడ్ల మీద బతుకమ్మలు లేసినయి. టీచరమ్మ పక్కన ఆఫీసు ఊడ్చే అమ్మ, ఆమె పక్కన డిగ్రీ చదివే పిల్ల. చెరువుకాడ వేరు వేరు తావులల్ల ఆడినోళ్లు రోడ్డు మీద ఒకే సుట్టుల నిలబడ్డరు. పాత కాలం ఇయ్యలేని గుండ్రాన్ని ఉద్యమం ఇచ్చింది. ఇది మనం మరువవద్దు.

2014ల రాష్ట్రం వచ్చింది. బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. సాంస్కృతిక సారథి వచ్చింది, ఉద్యమంల ఆడి పాడిన కళాకారులకు కొలువులు వచ్చినయి. ఇది కళాకారుల హక్కు, దయ కాదు. 2016ల హైదరాబాదు ఎల్బీ స్టేడియంల 9 వేల పైచిలుకు ఆడోళ్లు ఒక్కసారే బతుకమ్మ ఆడి గిన్నిస్‌ల ఎక్కిన్రు. ఇవన్నీ గర్వపడే ముచ్చట్లే. గని ఒక్కటి అడుగుతం. రికార్డు కోసం లెక్కపెట్టిన ఆట ఎక్కువైంది, లెక్కలేకుండ ఆడే ఆట ఏమైంది? ఆడోళ్ల కోలాటం బృందాలు ఊరూర లేసినయి. మొగోళ్ల ఆట అనుకున్నదాన్ని ఆడోళ్లు ఎత్తుకున్నందుకు శెభాష్! అయితే ఆ బృందాన్ని మనం పిలిచేది ఎందుకు? నాయకుడు వస్తే ఒక్క తీరు చీరెలు కట్టించి ఎండల నిలబెట్టనీకి! ఉద్యోగ మిత్రులకు ఇంకో మాట. బతుకమ్మకు ఆఫీసుకొక దినం పెట్టి ఆడుతున్నం. 2011ల మనం ఆర్డర్లను కాదని ఆడినం. ఇప్పుడు ఆర్డరు వస్తేనే ఆడుతున్నం. ఆర్డరు మీద ఆడేది డ్యూటీ అయితది గని ఆట అయితదా?

ఇగ డీజే సంగతి. చట్టం లేక కాదు. 2000 సంవత్సరంల వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇండ్ల నడుమ పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటొద్దు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాక బయట మైకు పెట్టొద్దు. 2024 అక్టోబరుల హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులల్ల డీజేలను బంద్ చేసిన్రు. మేము అనేది ఏందంటే, డబ్బాను బంద్ పెడితే చెవులకు నిమ్మళం దొరుకుతది, ఆట రాదు. డబ్బా తీసేసిన జాగల ఏం పెడ్తవ్? పిల్లలను తిట్టుడు అల్కగ ఉంటది. వాళ్లకు ఒక్క కోపు నేర్పినోళ్లం ఎంతమందిమి?

దీనికి దారి లేకపోలేదు. హంగేరీ దేశంల 1972ల బుడాపెస్ట్ పట్నపు పడుచు పిల్లలు 'తాంత్స్‌హాజ్' అని ఒకటి మొదలుపెట్టిన్రు. అంటే ఆట ఇల్లు అని అర్థం. ఆ పేరు, ఆ పద్ధతి ట్రాన్సిల్వేనియా పల్లెలవి. షాందోర్ తీమార్ వంటి నృత్య గురువులు, ఫెరెంత్స్ షెబో, బేలా హల్మోష్ వంటి వాయిద్యగాళ్లు పల్లె ఆటను, పల్లె వాయిద్యాన్ని పట్నానికి తెచ్చిన్రు. వేదిక మీద చూపెట్టనీకి కాదు. వారానికి ఒక సాయంత్రం ఒక హాలుల కూడి, వచ్చినోనికి అడుగు నేర్పి, అందరు కలిసి ఆడనీకి. ప్రేక్షకులు లేని ఆట! 2011ల యునెస్కో దాన్ని మంచి పరిరక్షణ పద్ధతుల జాబితాల చేర్చింది. వాళ్లు ఆటను పెట్టెల పెట్టి దాసలే, కాళ్లల్ల దాసిన్రు.

మనకు కానిదేముంది? పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చి 2008 నుంచి లెక్కేస్తే ఎన్నేండ్లాయె! గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విద్యార్థులారా, ఒక్క పని చెయ్యండి. మీ ఊర్ల ముసలి కోలాటం గురువు ఎవరో దేవులాడండి. ఆయనకు వచ్చిన కోపుల పేర్లు రాయండి, ఫోనుల పట్టండి. పట్టి ఊకోకండి, నేర్చుకోండి. ఉద్యోగులారా, నెలకు ఒక సాయంత్రం బడి మైదానమో, కచ్చీరు ముందటి జాగనో అడగండి. ముఖ్య అతిథి వద్దు, శాలువాలు వద్దు, బ్యానరు వద్దు. కుర్చీలు అసలే వద్దు, కుర్చీ వేస్తే కూసునేటోడు తయారైతడు. నేర్పే గురువుకు, డప్పు కొట్టే అన్నకు కూలి కట్టియ్యండి. డీజేకు వేలకు వేలు పోసే పెండ్లిల డప్పుకు బేరమాడుడు బంద్ చెయ్యండి. అన్నిటికంటె ముందు, ఆ డప్పు అన్న సుట్టు అవుతల నిలబడి కొట్టుడు కాదు, సుట్టు లోపలికి రావాలె. ఆ ఒక్కటి చెయ్యకుంటే మనం తెచ్చేది పాత గడీ ఆటనే.

గురువులకు పెద్ద వయసయింది. ఒక్కొక్కరు పోతుంటే వాళ్ల ఎంట కోపులు పోతున్నయి. మల్ల సర్కారు పథకం వచ్చినంక చూద్దామంటే అప్పటికి నేర్పేటోళ్లు ఉండరు.

వచ్చే కాముని పున్నమకు మీ వాడకట్టుల ఎన్ని జతల కోలలు లేసినయో, ఎవరు నేర్పిన్రో, ఎవరిని సుట్టులకు పిలిచిన్రో మాకు రాయండి. ఎంతమంది చూసిన్రో మాత్రం రాయకండి. ఎంతమంది ఆడిన్రో రాయండి.