ఆవు కంటె ముందు రావలసినవి

పట్టణపు పొలిమేరలో కొద్దిపాటి స్థలము కొని, చిన్న ఇల్లు కట్టుకొని, పెరట్లో ఒక ఆవును పెంచవలెనని కోరుకొను మధ్యతరగతి కుటుంబములు ఈనాడు అనేకము. ఇంటి పాలు, ఇంటి నెయ్యి పిల్లలకు అందవలెనను కోరిక మెచ్చదగినదే. అయితే ఆ కోరిక పుట్టగానే పలువురు చేయు మొదటి పని ఆవును కొనుట. అది అన్నిటికంటె చివర చేయవలసిన పని అని నా అభిప్రాయము.

పాలను ఆయుర్వేదము రసాయనముగా చెప్పినది. ఆ గుణము ఆవు తిను మేతను, త్రాగు నీటిని, పడుకొను నేలను బట్టి నిలుచును. కావున వీటిని ముందు సమకూర్చుకొనవలెను.

మొదటిది మేత. ఎదిగిన ఆవుకు రోజుకు సుమారు 20 నుండి 25 కిలోల పచ్చిమేత, 5 కిలోల ఎండుగడ్డి, కొంత దాణా కావలెను. నేపియరు గడ్డి నాటిన పిదప మొదటి కోతకు రెండున్నర నెలలు పట్టును. జొన్న వేయువారు మరొకటి గమనించవలెను. వానలు లేక వాడిన లేత జొన్నలో విషము చేరును. అది మేసిన పశువుకు నాము తగిలి గంటలలోనే ప్రాణము పోవచ్చును. పూతకు రాకముందు జొన్నను మేపరాదు.

రెండవది కొట్టము. ఒక ఆవుకు మూడున్నర చదరపు మీటర్ల నీడ, దానికి రెట్టింపు ఆరుబయలు ఉండవలెను. నేల గరుకుగా ఉండి, నాలుగు అడుగులకు ఒక అంగుళము చొప్పున వాలు కలిగియుండవలెను. నున్నని నేలపై పశువు జారిపడును. తడి నేలపై పడుకొన్న ఆవుకు పొదుగువాపు వచ్చును. పేడగుంట బావికి, వంటింటికి దూరముగా ఉండవలెను.

మూడవది కాచిన పాల నియమము. పొదుగు నుండి వచ్చిన గోరువెచ్చని ధారోష్ణ క్షీరమును మన శాస్త్రములు ప్రశంసించినవి. దానిని చూపి పిల్లలకు పచ్చిపాలు పట్టువారున్నారు. వారితో నేను ఏకీభవింపను. మాల్టా ద్వీపమున 1887లో డేవిడ్ బ్రూస్ కనుగొన్న సూక్ష్మజీవి పేరుననే బ్రూసెల్లోసిస్ అను వ్యాధి పిలువబడుచున్నది. ఇది సోకిన ఆవు చూడి నిండకముందే ఈచుకొనిపోవును. ఆ పాలను కాచక త్రాగిన మనిషికి విడిచి విడిచి జ్వరము, రాత్రిపూట చెమటలు, కీళ్లనొప్పులు నెలల తరబడి బాధించును. పొంగువచ్చువరకు కాచిన పాలలో ఈ భయము లేదు. సాధారణముగా పచ్చిపాలు గురువని, కాచిన పాలు లఘువని సుశ్రుతుడును చెప్పియున్నాడు. ఆవును కొనుటకు ముందే పశువైద్యునిచే బ్రూసెల్లోసిస్, క్షయ పరీక్షలు చేయించవలెను. గాలికుంటు టీకా ఆరునెలలకొకమారు వేయించవలెను. ఈనినప్పుడు మాయను వట్టి చేతులతో తాకరాదు.

నాలుగవది ఇంటివారి అలవాటు. శుభకార్యములలో మిగిలిన అన్నమును పుణ్యమని తలచి గంపలకొద్ది ఆవు ముందు పోయుదురు. ఆ అన్నము కడుపులో పులిసి ఆమ్లమై, ఆవు లేవలేక పడిపోవును. గడ్డి అరిగించుటకు ఏర్పడిన కడుపునకు ఒక్కసారిగా అంత అన్నము ప్రాణాంతకము.

చివరిది మనిషి. పూటపూటకు పాలు పితుకువారెవరు? ఇల్లంతయు పెండ్లికి పోయిననాడు మేత వేయువారెవరు? ఆవు వట్టిపోయిన నెలలలో, కోడెదూడ పుట్టినప్పుడు ఏమి చేయుదురు? వీనికి సమాధానము కుదరనిచో పొరుగున ఆవున్న ఇంటి పాలు కొనుక్కొనుటయే మేలు. చిత్తూరు ప్రాంతపు పుంగనూరు ఆవు పొట్టిదై, కొద్ది మేతతో బ్రతుకును గనుక ఇటీవల దానికి గిరాకీ పెరిగినది. దానిని హాలులో పరుపుపై నిలిపి ముచ్చట పడువారును ఉన్నారు. ఎంత పొట్టిదైనను అది మేయవలసిన, నడవవలసిన, ఎండ కాగవలసిన పశువు.

కావున పాఠకులకు నా సలహా ఇది. తొలకరికి గడ్డి నాటుడు. వానలు ముదురకముందే కొట్టము కప్పుడు. పాలు పితుకుట ఇంట ఇద్దరైనను నేర్చుకొనుడు. దసరా నాటికి గడ్డి కోతకు వచ్చును. అప్పుడు ఆవును తెచ్చుకొనుడు.