కుప్పలు ఎవరు పెట్టాలి?

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువసార్లు రాసిన మాటలు ఏవని ఎవరైనా అడిగితే, అవి మందుల పేర్లు కావు. ‘అవగాహన లోపం’ అన్న రెండు మాటలు. క్షయ చికిత్స మధ్యలో మానిన రోగి గురించైనా, రక్తపోటు మాత్రలు ఆపేసిన వృద్ధురాలి గురించైనా, పై అధికారులకు పంపే నివేదికలో నేను చూపిన కారణం అదే. వాళ్ళు చెప్పింది వినకపోవడం వల్ల కాదు. విన్నాను. విన్నదాన్ని ఏ గడిలో వేయాలో మాత్రం నేనే నిర్ణయించాను.

ఈ వయసులో ఆ తప్పు నాకు తెలియజెప్పినది ఒక పరిశోధన పద్ధతి. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం ట్రోకిమ్ 1989లో దీనిని వివరంగా ప్రచురించారు. గ్రూప్ కాన్సెప్ట్ మ్యాపింగ్ అంటారు. నేను ‘భావపటం’ అని పిలుచుకుంటున్నాను. ముందుగా అందరికీ ఒక అసంపూర్ణ వాక్యం ఇస్తారు. దాన్ని ఎవరికి తోచినట్లు వారు పూర్తి చేస్తారు. వచ్చిన వాక్యాలలో పునరుక్తులు తొలగించి, నూరు దాటకుండా చూసి, ఒక్కొక్కటి ఒక్కో కార్డుపై రాస్తారు. ఆ తరువాతిదే అసలు ఘట్టం. పాల్గొన్నవారు ఎవరికి వారు ఆ కార్డులను, తమ దృష్టిలో ఒకదానికొకటి దగ్గరగా ఉన్నవాటిని కలిపి, కుప్పలుగా పెడతారు. ‘ఇతరములు’ అనే కుప్ప మాత్రం ఒప్పుకోరు. ప్రభుత్వ నివేదికలతో జీవితం గడిపినవాడికి ఆ నియమం ఎంత కఠినమో వేరే చెప్పాలా! చివరగా ప్రతి వాక్యానికీ ప్రాముఖ్యాన్ని బట్టి 1 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు.

హనుమకొండలో మా కాలనీలో ఉదయపు నడకకు వచ్చే మధుమేహ రోగులతో ఇటీవల దీనిని ప్రయత్నించాను. ‘నేను మాత్రలు మానేయడానికి ఒక కారణం…’ అన్నది ఇచ్చిన వాక్యం. ‘షుగర్ తగ్గింది కదా అనుకున్నాను’, ‘పెళ్ళికి వెళ్తే వెంట పెట్టుకోను’, ‘కోడలిని తెమ్మని అడగాలంటే మొహమాటం’, ‘డాక్టరు కోప్పడతాడు’ వంటి సమాధానాలు వచ్చాయి. చివరి దాన్ని నేనైతే నిస్సంకోచంగా ఆస్పత్రి ఇబ్బందుల కుప్పలో, పొడుగాటి వరుసల పక్కన పెట్టేవాణ్ణి. వాళ్ళలో చాలామంది దాన్ని కోడలి కార్డుతో కలిపారు. ఎందుకని అడిగితే ఒక పెద్దావిడ, ‘రెండుచోట్లా తల దించుకోవాలి గదా సార్’ అంది. నలభై ఏళ్ళ నా వైద్యంలో ఆ రెండింటికీ సంబంధం ఉందని నాకు తోచలేదు.

ఈ కుప్పలను పటంగా మార్చేది గణితం. ఏ రెండు కార్డులను ఎంతమంది ఒకే కుప్పలో వేశారో లెక్కించి పట్టిక కడతారు. ఎక్కువమంది కలిపిన కార్డులు దగ్గరగా, కలపనివి దూరంగా ఉండేలా కంప్యూటరు చుక్కలు పెడుతుంది. ఆపై దగ్గరి చుక్కలను గుంపులుగా విడదీస్తుంది. ఇందుకు వాణిజ్య సాఫ్ట్‌వేరు ఉంది. కానీ హైమ్ బార్, లూసియా మెంచ్ అనేవారు 2017లో ఆర్-సీమ్యాప్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరును పరిచయం చేశారు. అది పనిచేసేది ఆర్ అనే ఉచిత గణాంక భాషపై. ఆర్‌ను పాత ల్యాప్‌టాప్‌లో కూడా పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు. సిద్ధం చేయవలసినవి నాలుగు పట్టికలు: వాక్యాలు, కుప్పలు, మార్కులు, పాల్గొన్నవారి వయసు వంటి వివరాలు. పేర్లకు బదులు సంఖ్యలు వాడండి. ఇది రోగుల గోప్యతకు సంబంధించిన మాట. లెక్క జరిగేది సంఖ్యలతోనే కనుక వాక్యాలు తెలుగులో ఉన్నా అడ్డు లేదు. పటంలో సంఖ్యలు ఉంచి, పక్కన తెలుగు జాబితా అతికించుకుంటే చాలు. పట్టికలు కట్టడంలో నాకు డిగ్రీ చదువుతున్న మా మనవరాలు సాయపడింది. ఆ మాట దాచుకోవడం ధర్మం కాదు.

పటం చేతికి రాగానే మురిసిపోకూడదు. చుక్కల అమరిక అసలు పట్టికకు ఎంత నమ్మకంగా ఉందో తెలిపే ‘స్ట్రెస్’ అనే కొలత ఒకటుంది, తక్కువైతే మేలు. 69 అధ్యయనాలను కలిపి చూసిన 2012 నాటి ఒక పరిశీలనలో దాని సగటు 0.28. గుంపులు ఎన్ని ఉండాలో, వాటికి ఏ పేర్లు పెట్టాలో కంప్యూటరు తేల్చదు. కార్డులు పేర్చినవారినే మళ్ళీ కూర్చోబెట్టి అడగాలి. నా దృష్టిలో ఈ రెండో సమావేశం లేకపోతే మొదటిది వ్యర్థం. మళ్ళీ ‘అవగాహన లోపం’ అని ఎవరో ఒక డాక్టరు శీర్షిక పెట్టేస్తాడు.

నా ప్రధాన అభ్యంతరం వేరొకటి. కార్డు చదవలేనివారి సంగతేమిటి? చదివి వినిపించవచ్చు, బొమ్మలు గీయవచ్చు. అయితే సాయం చేసే చేయి తన ఆలోచననూ కలిపి పేరుస్తుంది. అలాగని చదువు లేనివారు నిర్ణయించలేరనుకుంటే పొరపాటు. 2001లో మెదక్ జిల్లా అల్గోల్‌లో జరిగిన ‘ప్రజాతీర్పు’లో చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చొని, రాష్ట్ర వ్యవసాయ భవిష్యత్తుపై నిపుణుల వాదనలు విని తీర్పు చెప్పారు. జ్యూరీలో అధిక సంఖ్యాకులు మహిళలే. అందుకే ఈ పద్ధతి మన గ్రామ ఆరోగ్య కమిటీలకు వెళ్ళాలంటాను. అయితే కార్డులు చదివి వినిపించే పని ఆరోగ్య సిబ్బందికి గాక, అదే వాడకు చెందిన మరొకరికి అప్పగించాలి.

వచ్చే నెల ఇవే కార్డులతో వరంగల్‌లోని మరో వాడకు వెళ్తున్నాను. ‘డాక్టరు కోప్పడతాడు’ అనే కార్డు తీసేయమని, అది మన వృత్తికి గౌరవం కాదని వైద్య మిత్రుడొకరు సూచించారు. తీయలేదు. అక్కడివారు దాన్ని ఏ కుప్పలో వేస్తారో చూడాలని ఉంది.