నొప్పిలేని పుండు

వేరుశనగ ఎండిపోయిన ఏడు అనంతపురం పల్లెను నిలబెట్టేవి గొర్రెలే. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే నేల ఇది. తొలకరి తర్వాత ఒక పొట్టేలు ఉన్నట్టుండి కూలిందంటే కాపరికి ముందు గుర్తొచ్చేది అప్పు. కోసి పోగులు పెడితే సగం ధరైనా వస్తుందని కత్తి తీస్తాడు. దొమ్మ మనిషిని పట్టుకునేది అక్కడే.

దొమ్మ అంటే ఆంత్రాక్స్. దాని సూక్ష్మజీవి గాలి తగిలితే బీజంగా మారి మట్టిలో దశాబ్దాలు బతుకుతుంది. కరువులో గడ్డి కురచై గొర్రె మూతి మన్నును తాకుతుంది. వాన ఆ బీజాలను పైకి తెస్తుంది. అసలు చిక్కేమిటంటే, చిటుకు రోగం కూడా కొత్త గడ్డి మొలిచే ఈ రోజుల్లోనే జీవాలను నిలుచున్నపళంగా చంపుతుంది. ముక్కు నుంచో గుదం నుంచో గడ్డకట్టని నల్లటి నెత్తురు కారి, కళేబరం బిగుసుకోకుండా ఉబ్బితే దొమ్మనే అనుమానించాలి. కోయకూడదు. పరీక్షకు పశువైద్యుడు చెవి నుంచి తీసే నెత్తురు చుక్క చాలు. 2021లో వరంగల్ జిల్లా దుగ్గొండి మండలంలో గొర్రెలు చచ్చినప్పుడు తేలిందీ ఈ రోగమే.

మనిషికి చేతిమీద దోమకాటంత పొక్కు లేస్తుంది. అది నీటిబుగ్గై, కొద్దిరోజుల్లో బొగ్గులాంటి పెచ్చు కడుతుంది. చుట్టూ వాపు, నొప్పి మాత్రం ఉండదు. నాకు అన్నిటికన్నా భయం ఇదే. నొప్పి లేనిదే కూలి పోగొట్టుకుని ఆసుపత్రికి వెళ్లేవారెవరు? వైద్యం అందకపోతే చర్మపు దొమ్మకు నూటికి 10 నుంచి 20 మంది బలవుతారు. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మామూలు మందులు వేళకు పడితే మరణం చాలా అరుదు. ఆలస్యమైతే మందు సూక్ష్మజీవిని చంపినా, అది అప్పటికే వదిలిన విషం ఒంట్లో ఉండిపోతుంది. రోగం మెదడు పొరలకు పాకితే బతికేవారు తక్కువ.

గొర్రెలకు టీకా పనిచేస్తుందని పాశ్చర్ 1881లోనే చూపాడు. ఏటా తొలకరికి ముందే ఆ టీకా మందలకు చేరాలి. చచ్చిన జీవాన్ని కోయకుండా కబురుపెట్టిన కాపరికి పరిహారం వెంటనే అందాలి. నల్ల పెచ్చుతో వచ్చినవారిని డాక్టరు మొదట అడగాల్సింది, ఈమధ్య చచ్చిన గొర్రెను కోశావా అని. అవునంటే అదే రోజు పశువైద్యుడికి ఫోను పోవాలి. ఆ పోగులు కొన్న ఇళ్లు ఊళ్లో ఇంకా ఎన్నో ఉంటాయి.